పెనం ఎక్కని ఆయిల్

మా సడ్డకుడు పోయిండన్న కబురు మా ఇంటామె తెచ్చింది. ఫోన్‌ల చెప్పొచ్చు గాని, బోయిన్‌పల్లిల నా షాపు దాక నడుసుకుంట వచ్చి చెప్పింది. నేనప్పుడు ఒక లారీ డీజిల్ పంపును టెస్టు బెంచి మీద ఎక్కిచ్చి తిప్పుతున్న. ఆ మోతల ఆమె మాట ఇనవడలే. "ఏందీ?" అని అరిసిన. "బావ పోయిండు" అన్నది. బెంచి బంద్ చేసిన. "ఏ బావ?" అని అడిగిన. ఆమెకు ఉన్నదే ఒక్క బావ.

పొద్దుగాల అల్వాల్‌ల తన ఇంటెన్క, ఆయిల్ డ్రమ్ముల పక్కన స్టూల్ మీద కూసోని చాయ తాగుకుంట తాగుకుంటనే పక్కకు ఒరిగిండట. దవాఖానకు తీసుకపోయేసరికే అయిపోయింది. మంచి చావు అని అందరన్నరు. ఆయనకు అన్నీ మంచియే దొరుకుతయి.

సడ్డకుడంటే తెలువనోళ్లకు చెప్తున్న: నా భార్య అక్క మొగడు. ఒక్క ఇంటికి మేమిద్దరం అల్లుండ్లం. పోయినంక మార్కెట్ లారీలోళ్లు నా కాడికొచ్చి, "అన్న ఫోటోతోని ఫ్లెక్సీ కొట్టిస్తున్నం, మీరు సడ్డకులు గద సార్, రెండు మాటలు రాసియ్యుండ్రి" అన్నరు. 'మంచి మనిషి' అని రాసిచ్చిన. ఆ రెండు మాటలతోని ఒడిసేది కాదు గాబట్టి మిగిలింది మీకు చెప్తున్న. ఆయన మీద నాకు ఇరువై ఏండ్ల కుళ్లు. ఆ కుళ్లుతోని ఒక పని చేసిన. అది ఆయనకు చెప్పుకోకముందే ఆయన పోయిండు, నా భార్యకు చెప్పుడు మాత్రం మిగిలింది. చెప్తే ఆమె ముంగట నాకున్న ఒకే ఒక్క ఇజ్జత్ సుత పోతదని అప్పటి నా భయం.

షురూ నుంచి చెప్తా. మా మామ రైల్వేల ఫిట్టర్. చిలకలగూడల చిన్న ఇల్లు. మిషనంటే పానం ఆయనకు. నేనేమో ఐటీఐల డీజిల్ మెకానిక్ చదివి, సర్టిఫికెట్టుకు అద్దం కట్టిచ్చి షాపుల తగిలిచ్చినోన్ని. లారీ పంపులు, నాజిళ్లు విప్పి, సాపు జేసి, చుక్క తేడా లేకుంట సెట్ చేసిచ్చుడు నా పని. సడ్డకుడు ఏడో తరగతి తప్పినోడు. ఒక పాత లారీ, తనే ఓనరు, తనే డ్రైవరు. ఊర్లకెల్లి కూరగాయలు ఎక్కిచ్చుకొచ్చి బోయిన్‌పల్లి మార్కెట్ల దించుతడు. న్యాయంగ అయితే ఇంజన్ ముచ్చట మామ ఎవరితోని పెట్టాలె? నాతోని. కానీ తినుడుకు కూసోంగనే, "పెద్దల్లుడా, బండి ఎట్ల నడుస్తున్నది?" అని ఆయన్నే అడుగుతుండె. నన్ను మాత్రం "కూర ఏసుకో" అంటుండె. అత్తమ్మ సుత మటన్ కూరల మూలుగున్న నల్లిబొక్క ఏరి ఆయన పళ్లెంల్నే ఏస్తుండె. పదిహేనేండ్లు ఆ నల్లిబొక్క నా పళ్లెం మీదికెల్లే దాటిపోయింది. చూసుకుంట పప్పు తిన్న.

ఇగ ఆ ఆయిల్ ముచ్చట. లారీలకు ఇంజన్ ఆయిల్ మార్చినప్పుడు పాతది తీస్తరు గద, నల్లగ, మాడు వాసన కొట్టుకుంట ఉంటది. దాన్ని లైసెన్సున్నోళ్లకే ఇయ్యాలని రూలు. కొందరు ఇస్తరు. కొందరు స్లాబు సెంట్రింగ్ చెక్కలకు రాసేటోళ్లకు ఇస్తరు. కొందరు సక్కగ మురికినీళ్ల మోరీలనే పోస్తరు. ఒకనాడు మా సడ్డకుడు ఆ మోరీ కాడ నిలవడి చూసి, "అరె, గిది సుత మండేదే గద భాయ్" అన్నడు. అంతే. అప్పటి నుంచి అల్వాల్ ఇంటెన్క ఆరు డ్రమ్ములు లేసినయి.

ఆ డ్రమ్ములల్ల పాత ఆయిల్ పోసి నెల రోజులు ముట్టకపోయేది. మసి, ఇనుప పొడి, నీళ్లు అడుగుకు దిగినంక మీద తేలిన ఆయిల్ మెల్లగ తోడి ముందు పాత లుంగీల వడగట్టేది, మల్ల జీన్సు గుడ్డల, ఆఖరుకు లారీ డీజిల్ ఫిల్టర్లు వరుసగ కట్టి వాటికెల్లి చుక్క చుక్క దింపేది. అట్ల వచ్చిందాన్ని డీజిల్‌ల కలిపేది. పది పాళ్లకు ఒక పాలు. ఎండలు ముదిరితే జెర ఎక్కువ, చలికాలం జెర తక్కువ. ఒక పొద్దు నన్ను పక్కన కూసోవెట్టుకొని, "ఆయిల్‌ను తొందరపెట్టొద్దు తమ్మీ. జెర దాన్ని ఒక్కదాన్ని ఇడిసిపెట్టు. దాని తప్పులన్నీ అదే దింపుకుంటది" అన్నడు.

నేను చెప్పకపోలే. "అన్నా, పంపు లోపల డీజిల్‌ను నూకే ప్లంజరుకు, దాని గూడుకు నడుమ వెంట్రుక పట్టేంత సందు సుత ఉండది. నువ్వు పోసే మసితోని అది బర్బాద్ అయితది" అన్న. పుస్తకాల ఉన్నదే చెప్పిన. ఆయన నవ్విండు. "నువ్వు చదువుకున్నోనివి తమ్మీ, నీ మాట నిజమే ఉంటది. అందుకే ఇంకో ఫిల్టర్ పెడ్తా" అన్నడు. నిజంగనే పెట్టిండు. కొట్లాటకు పోయినోనికి చాయ పోసి పంపినట్టయింది నా పని.

బండి మాత్రం నడిసింది. ఏం చెయ్యాలె? ఏడాదికోసారి ఆయన పంపు నా బెంచి మీదికే వస్తుండె. అరిగిపోయి ఉంటదని ఆశతోని విప్పుతుండె నేను. లోపల మెరుస్తుండె. మార్కెట్ల పాత లారీలున్న నలుగురైదుగురు ఆయన కాడికి ఎగవడ్డరు, "అన్నా, మాకు సుత కలిపియ్యి" అని. కొత్త బండ్లోళ్లు వస్తే మాత్రం ఎల్లగొడుతుండె. "నీది సెన్సర్ల బండి. చంటిపిల్లకు సద్దన్నం పెడ్తరా? పో, బంకుల పోయిచ్చుకో" అని. నా షాపుకొచ్చిన డ్రైవర్లు సుత, నా సర్టిఫికెట్టు కింద నిలవడి, "అల్వాల్ అన్నను ఒకసారి అడిగి చెప్తా" అనేటోళ్లు. నా షాపుల! నా బెంచి ముంగట!

ఇంట్ల అంతకన్న ఎక్కువ. సందుల లారీ మలగంగనే మా ఇంటామె వంటింట్లకెల్లి, "బావ బండే, సౌండ్ చూడు ఎంత నిమ్మలంగున్నదో" అనేది. ఆ బండికి సౌండ్ సెట్ చేసింది ఎవరు? నేను! ఆ మాట ఒక్కనాడన్న అన్నదా? అనలే.

నేనేం తక్కువనా అని ఒకసారి షాపెన్క సాటుంగ నేను సుత మొదలువెట్టిన. నెల రోజులు ఆగే ఓపిక నాకెక్కడిది? తొందరగ పల్చగ కావాలని స్టవ్ మీద పెట్టిన. పొంగి మంటల పడ్డది. ఆ గోడ ఇయ్యాలటికి నల్లగనే ఉంటది. ఎవలన్న అడిగితే షార్ట్ సర్క్యూట్ అని చెప్తా. మా సడ్డకునికి సుత గదే చెప్పిన. పాపం, ఆయనే వచ్చి వైరింగ్ మొత్తం చూసి, "ఇక్కడేం కాలలేదు గద తమ్మీ" అనుకుంట ఓ పూటంత పరేషాన్ అయ్యిండు.

ఆయన పనిల ఇంకోటి ఉండె, అసలుది. వదిన పాత రొట్టెల పెనం. ఆయిల్ ఎవరి కాడికెల్లి వచ్చినా ముందుగాల ఆ పెనం వేడి చేసి ఒక చుక్క ఏసేటోళ్లు. నీళ్లుంటే చిటచిటమని ఎగురుతది. లేకపోతే సప్పుడు చెయ్యకుంట పరుసుకుంటది. నీళ్లు పంపుల పడితే ఇనుమును తింటయి గాబట్టి ఈ పరీక్ష లేకుంట ఏ డబ్బా ముంగటికి పోకపోయేది.

ఇగ నా పని చెప్తా. మామ షష్టిపూర్తి నాడు చుట్టాలందరి ముంగట, ఎవరో నా షాపు ముచ్చట తీస్తే, మామ అన్నడు: "పంపు పని బడికి పోతే ఎవడన్న నేర్సుకుంటడు. మా పెద్దల్లునిది సొంత బుర్ర." అందరు నవ్విండ్రు. మా ఇంటామె సుత నవ్వింది. మా సడ్డకుడు మాత్రం, "అట్లనకు మామా, నా బండి నడిసేదే తమ్మి చేతి మీద" అన్నడు. అది ఇంకా మండింది నాకు. ఆయన దానం చేసిన ఇజ్జత్ నాకెందుకు?

ఆ వారంలనే మా పక్క గ్యారేజుకు ఒక లారీ వచ్చింది. హెడ్ గాస్కెట్ పోయి రేడియేటర్ నీళ్లన్నీ ఇంజన్ ఆయిల్‌ల కలిసినయి. తీసిన ఆయిల్ పాలు పోసిన చాయ లెక్క ఉండె. అది కొంచెం పట్టుకొచ్చి, నా కాడున్న నల్ల ఆయిల్‌ల కలిపిన. మంచిగ తిప్పితే పైకి తెలువలే. డబ్బా పట్టుకొని అల్వాల్ పోయిన. "అన్నా, నెల రోజుల నుంచి కూసోవెట్టిన. నువ్వు సక్కగ ఫిల్టర్ల ఏసుడే" అన్న.

నా లెక్క ఏందంటే, వాళ్లు పెనం మీద ఏస్తరు, చిటచిటమంటది. కానీ అప్పటికే, నెల కూసోవెట్టిందే గద అని, ఆయన సంబురంతోని తన మంచి ఆయిల్‌ల కలిపేసి ఉంటడు. ఒక డ్రమ్ము మొత్తం పారవోసుకుంటడు. నెల కష్టం పోతది. ఓ రెండు దినాలు ఆ నవ్వు మొఖం వాడిపోతది. గంతే నేను కోరుకున్నది. ఆయన చేతులు తుడుసుకొని, నా భుజం మీద చెయ్యేసి, వదినను పిలిసి, "చూసినవా, తమ్మి సుత మన లైన్లకు వచ్చిండు" అన్నడు. ఎంత సంతోషపడ్డడో. ఆ పొద్దు నాకు చాయల చక్కెర సుత ఎక్కువ ఏసిచ్చిండు.

నాలుగు దినాలకు ఆయన లారీ టమాట లోడుతోని వచ్చుకుంట శామీర్‌పేట కాడ ఆగింది. నడీ ఎండల. పంపు పట్టేసింది. ఇంకో బండి దొరికి, సరుకు మార్చి, మార్కెట్ చేరేసరికి సగం టమాటలు మెత్తగయి కారుతున్నయి. రైతులు ఆయన మీద పడ్డరు. మామ మొదటిసారి పెద్దల్లుని మీద గరం అయ్యిండు, "చాలిచ్చు నీ నూనె వైద్యం" అని. అది ఇనాలనే గద నేను బతికింది. ఇన్న. బాగనే అనిపిచ్చింది. అబద్ధం చెప్ప.

పంపు నా కాడికే తెచ్చిండు. ఇంకెక్కడికి పోతడు? విప్పిన. ప్లంజర్లు తుప్పు గీతలు పడి గూట్లనే పట్టుకపోయినయి. ఆయన నా పక్కన కింద కూసోని చూసుకుంట, "తప్పు నాదే తమ్మీ" అన్నడు. "మొన్న వాన పడ్డప్పుడు డ్రమ్ము మూత సరిగ్గ పెట్టలే. బంగారమసొంటి నీ ఆయిల్‌ను ఖరాబ్ చేసుకున్న. పెనం మీద ఏసినా తెలుస్తుండె. సడ్డకుడు ఇచ్చిందాన్ని ఏం పరీక్ష చేస్తమని ఊకున్న."

నా చేతుల పానా ఆగింది. ఇది నేను లెక్కల ఏసుకోలే. సడ్డకుడు తెచ్చిన మిఠాయిని ఎవరన్న వాసన చూసి తింటరా? గట్లనే అనుకున్నడు ఆయన. అప్పుడన్న చెప్పాల్సింది. గూట్లకెల్లి ప్లంజర్లు పీకుకుంట కూసున్న.

మూడు వారాలు ఆయన వేరేటోళ్ల బండికి డ్రైవర్ పని చేసిండు. నేను పానం పెట్టి పంపు బాగుచేసిన. అంత మంచి పని నా జన్మల మల్ల చెయ్యలే. బండి లేసిననాడు చిలకలగూడల అందరి ముంగట మా ఇంటామె అన్నది: "మా ఆయన చెయ్యి పెట్టకపోతే బావ బండి లేసేదా?" ఆ పొద్దు నల్లిబొక్క సుత నా పళ్లెంల పడ్డది. ఆమె నన్ను చూసిన చూపు ఉన్నది చూడుండ్రి, పెండ్లయినప్పటి నుంచి దాని కోసమే ఎదురుసూసిన. ఆ ఒక్క మాట, ఆ ఒక్క చూపు పోతదనే ఇన్నేండ్లు నోరు మూసుకున్న. నా దొంగపనికి దొరికిన బహుమానం అది.

తర్వాత నేను ఆయనకు ఇచ్చిన ఆయిల్ మీరు చూడాలె. రెండు నెలలు కూసోవెట్టి, నేనే వడగట్టి, నా షాపుల నేనే వేడి రేకు మీద చుక్క ఏసి చూసుకొని ఇస్తుండె. ఆయన డ్రైవర్లందరికి, "మా తమ్మి ఆయిల్ కండ్లు మూసుకొని పోసుకోవచ్చు" అని చెప్పుకుంటుండె. నవ్వుకుంట చెప్తుంటే నేను ఖాళీ డబ్బాలు ఏరుకొని ఎల్లిపోతుండె.

చావు నాడు అల్వాల్ సందు నుంచి మెయిన్ రోడ్డు దాక లారీలు నిలవడ్డయి. పాడె లేసినప్పుడు డ్రైవర్లందరు కిందికి దిగి బండ్ల పక్కన చేతులు కట్టుకొని నిలవడ్డరు, ఎవడు హారన్ కొట్టలే. నేను పాడెకు భుజం పట్టుకొని లెక్కవెడుతున్న, ఎన్ని బండ్లు వచ్చినయి, నాకైతే ఎన్ని వస్తయి అని. నా బుద్ధి గది.

పెద్దకర్మ అయినంక లారీలోళ్లు, "డ్రమ్ములల్ల ఆయిల్ కూసున్నది, ఇగ మీరే సూసుకోవాలె సార్" అన్నరు. ఆయనను అన్న అంటరు, నన్ను సార్ అంటరు. వదినను అడుగుదామని పోయిన. ఇంటెన్క వడగట్టే గుడ్డలు సబ్బు పెట్టి ఉతుకుతున్నది. కూసోమనలే. నిలవడే చెప్పిన. "వదినా, అప్పుడు శామీర్‌పేట కాడ బండి ఆగింది గద, అది అన్న తప్పు కాదు. నేనిచ్చిన డబ్బాలనే నీళ్లుండె. తెలిసే ఇచ్చిన."

ఆమె గుడ్డ పిండుడు ఆపలే. "తెలుసు" అన్నది.

"అన్న చెప్పిండా?"

"ఆయనకేం తెలుసు? ఆయన పనికి పోయినంక ప్రతి డబ్బా పెనం మీద ఏసి చూసేది నేను. నీది సుత ఏసిన. అప్పటికింకా వాన పడనే లేదు. చిటచిటమని నా చెయ్యి మీద సుత ఎగిరింది. వచ్చినంక చెప్పిన. 'సడ్డకుడు ఇచ్చిందాన్ని పెనం ఎక్కిస్తవా, వానికి తెలిస్తే మొఖం ఏడ పెట్టుకోవాలె' అని నా మీద గొంతు లేపిండు. నీ పెనమే తడిగుండొచ్చు అన్నడు. మా ఇన్నేండ్ల కాపురంల ఆ మనిషి నన్ను తిట్టింది ఆ ఒక్కనాడే. నీ కోసం."

"బండి ఆగినంక సుత చెప్పలేదా?"

"చెప్పిన. నమ్మలే. వాన నీళ్లే అన్నడు. సచ్చేదాక గదే అన్నడు." అప్పుడు నా దిక్కు చూసింది. "నువ్వు వచ్చి చెప్తవని చూసిన తమ్మీ. ఆయన ఉన్నప్పుడే చెప్తవని."

"చెల్లెకు చెప్పిన్రా?" అని అడిగిన.

"నా చెల్లె సంసారంల నేనెందుకు మన్ను పోస్తా? చెప్పాల్సింది నువ్వు. ఈ డ్రమ్ములు ముట్టుకోవాలంటే ముందు దానికి చెప్పిరా. లేకపోతే మోరీల పారవోస్తా గాని నీ చేతికియ్య."

సక్కగ ఇంటికి పోయిన. మా ఇంటామె కింద కూసోని తోటకూర తుంచుతున్నది. చెప్పులు సుత ఇడువకుంట గుమ్మంల నిలవడి మొత్తం చెప్పిన. పాలు పోసిన చాయ లెక్కున్న ఆ ఆయిల్, నెల కూసోవెట్టిన అని చెప్పిన అబద్ధం, పెనం, వదిన మాట, ఏదీ దాచలే. ఆమె చేతులు కూరలనే ఆగిపోయినయి.

"ఆ పంపు బాగుచేసింది నువ్వే గదయ్యా" అన్నది.

"ఔ. ఖరాబ్ చేసింది సుత నేనే."

"మరి బావ, నువ్వే చేసినవని తెలువకుంటనే పోయిండా?"

"ఔ. నేనట్ల చెయ్యనని అనుకుంటనే పోయిండు."

అన్ని దినాలు వచ్చెటోళ్లకు పోయెటోళ్లకు వండివార్చి, అక్కను సంబాళిచ్చి, కంట్ల చుక్క తియ్యని మనిషి, అప్పుడు ఏడ్సింది. చాట పక్కకు నూకి, కొంగు నోట్ల కుక్కుకొని, గోడ దిక్కు తిరిగి. "బావా, ఎంత పిచ్చోనివి బావా" అనుకుంట. నన్ను తిడుతదని, చెప్పు తీసుకొని కొడుతదని తయారై నిలవడ్డ. నా దిక్కు చూడనే లేదు. ఆమె వీపు ఎగిరెగిరి పడుతున్నది, తోటకూర ఆకులు బండల మీద చెదిరినయి, చేసిన పాపం మొత్తం ఒప్పుకున్నోన్ని నేను గుమ్మంల నిలవడి, ఆ ఏడుపు ఆయనకు దొరికింది గాని నాకు దొరకలేదని మల్ల కుళ్లుకుంటున్న.